ఎవరో చెప్పి పెట్టుకున్న క్యాసెట్

మా అమ్మ చూడాలనుకున్న సినిమాకు అడ్డం పడిందని, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకామెను నెలన్నర పాటు మనసులో తిట్టుకున్నాను. ఆమె ఎవరో నాకు తెలీదు. నందికొట్కూరు బస్టాండు పక్కనున్న వీడియో షాపులో ఆ క్యాసెట్‌ను తనకోసం తీసిపెట్టమని చెప్పి పోయిందట. పోయిన మనిషి మళ్ళీ రాదు. తను చూడదు, ఇంకొకరిని చూడనివ్వదు. బడికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ షాపు ముందు నుంచే నడవాలి కాబట్టి రోజుకు రెండుసార్లు ఆమెకు శాపనార్థాలు పెట్టేదాన్ని. అవి ఎవరికి తగిలాయో తర్వాత తెలిసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజుల్లో ఒక సినిమా అద్దెకు తెచ్చుకోవడం ఎంత యాతనో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. మా ఇంట్లో చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది గానీ క్యాసెట్ ఆడించే మిషన్ లేదు. దాన్నీ షాపు నుంచే తెచ్చుకోవాలి. మిషన్ ఉన్న రోజు క్యాసెట్ ఉండదు. రెండూ దొరికిన రోజు కరెంటు ఉండదు. అన్నీ కుదిరి, వీధిలో పిల్లలంతా వచ్చి చాప మీద కూర్చున్నాక చూస్తే టీవీకి తగిలించే వైరు షాపులోనే మరిచిపోయి ఉంటాం. నేను పరుగెత్తి పోయి తెచ్చేసరికి పిల్లలు కొట్టుకుంటూ ఉంటారు. బొమ్మ మీద ఎప్పుడూ గీతలే. హీరోయిన్ ఏడుస్తుంటే ఆమె గడ్డం కింద నుంచి బట్టల షాపు ప్రకటన పాకుతూ పోతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు క్యాసెట్ మొదటికంటా చుట్టి ఇవ్వలేదని చీవాట్లు.

అన్నిటికంటే ఘోరం, క్యాసెట్లో సినిమా చివరిదాకా ఉంటుందనే నమ్మకం లేకపోవడం. పాత సినిమాలు పొడుగు కదా. కాపీ తీసేవాడు క్యాసెట్ అయిపోతే అక్కడికే వదిలేసేవాడు. తల్లీకొడుకులు ఒకరినొకరు గుర్తుపట్టే సమయానికి తెరంతా చీమలు పారేవి. మా అమ్మ అట్లాంటప్పుడు కొంగుతో నోరు మూసుకుని నవ్వేది. "నా రాతే ఇంత. నాకు ఏ సినిమా గూడ ఒడ్డుకు చేరదు" అనేది.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. నేను పుట్టక ముందు అమ్మావాళ్ళు ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళు. డేరా సినిమా వచ్చిందని నిండు నెలల కడుపుతో నాయనను పోరి మరీ వెళ్ళింది. అందులో కథానాయికను మొగుడు అనుమానించి ఇంట్లోంచి పొమ్మంటాడు. ఆమె పిల్లను చంకనేసుకుని బస్సెక్కుతుంది. అక్కడ ఇంటర్వెల్ పడింది. సరిగ్గా అప్పుడే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మిగతా సినిమా ఆడుతుండగా నేను పుట్టాను.

"నా సినిమాను సగానికి తుంచి పుట్టినావు గదమే" అని నన్ను ఎన్నిసార్లు ఆటపట్టించిందో లెక్కలేదు. ఆ తర్వాత అది ఎక్కడా ఆడలేదు. మిరప చేలో కూలికి పోయినచోటల్లా చూసినవాళ్ళను అడిగేదట. ఒకామె బస్సు పుట్టింటికి పోయిందని చెప్పింది. ఒకామె మొగుడే వెంటబడి వచ్చి దింపుకున్నాడంది. ఇంకొకామె ఆ పిల్ల పెద్దదై టీచరవుతుందని చెప్పింది. అది వేరే సినిమా అని అమ్మ అనుమానం. ఎవరు ఏం చెప్పినా విని, చివరికి ఒకటే మాట అనేది.

"బస్సెక్కింది నేను చూసినా. దిగిందో లేదో చూడలే."

నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడాది అమ్మ కడుపులో గడ్డ ఉందని తేలింది. పదిహేను రోజులకొకసారి కర్నూలు పెద్దాసుపత్రికి నాయన తీసుకుపోయేవాడు. డాక్టర్లు నాయనతో ఏం చెప్పారో మాకు చెప్పలేదు. అమ్మ మాత్రం ఒక మధ్యాహ్నం పడుకుని, పైకప్పు రేకుల వైపు చూస్తూ, ఆ సినిమా చూడాలని ఉందని మొదటిసారి నవ్వకుండా చెప్పింది. "బస్టాండు కాడ భాయ్ షాపులో అడుగు పాపా. నేను పంపించినానని చెప్పు" అంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది పొలం పనులు చేసుకునే కుటుంబం, తాతల కాలం నుంచీ చర్చికి పోయేవాళ్ళం. మా వాడలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. బాప్తిస్మం రోజు పాదిరి గారు పెట్టింది చర్చి పేరు. బడిలో రాయించింది సర్టిఫికెట్ పేరు. సర్టిఫికెట్‌లో మేము హిందువులం. అట్లా ఉంటేనే నాయనకు రిజర్వేషన్ కింద ఆఫీసులో అటెండరు ఉద్యోగం. దేవుణ్ణి మార్చుకున్నంత మాత్రాన ఊరు మమ్మల్ని చూసే చూపేమీ మారలేదు, మా కూలీ మారలేదు. కానీ కాగితానికి ఆ సంగతి అక్కర్లేదు. చర్చి పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుంది.

మేము భయపడింది ఉత్తి భయం కాదు. నాయన పక్క సీటులో పనిచేసే మా వాడ మనిషి మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఎంక్వయిరీ వచ్చింది. ఆయన ఏడాది పాటు ఇంట్లో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో బైబిల్ వాక్యాల క్యాలెండరు ముందు గది గోడ మీద నుంచి వంటింట్లోకి మారింది. నాయన నన్ను, అమ్మను కూర్చోబెట్టి చెప్పాడు. "బజార్లో ఎవరు పేరడిగినా సర్టిఫికెట్ పేరే చెప్పాల. నోరు జారితే మన కూడు పోతాది."

నేను నోరు జారే పిల్లను కాదు. చెప్పింది చెప్పినట్టు చేసి మెప్పు పొందే రకం. క్లాసులో పేర్లు పిలుస్తున్నప్పుడు కూడా నా చర్చి పేరు నాకు గుర్తు రానంతగా అలవాటు చేసుకున్నాను.

భాయ్ షాపు అంటే ఒక గది, ముందు చెక్క కౌంటరు, వెనక గోడకు అట్టపెట్టెలు. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డంతో భాయ్ ఎప్పుడూ ఏదో ఒక క్యాసెట్ విప్పి, నలిగిన టేపును వేలితో సాపు చేస్తూ ఉండేవాడు. మొదటిసారి నేను పోయి సినిమా పేరు చెబితే తలెత్తి చూశాడు.

"ఇంకా రాలే పాపా. కర్నూల్లో చెప్పినా. వచ్చే వారం అడుగు."

వారం తర్వాత పోతే వచ్చిందన్నాడు. నా గుండె ఎగిరింది. అంతలోనే గడ్డం గీరుకున్నాడు. "వచ్చింది గానీ ఒకామె ముందే చెప్పి పెట్టింది. ఆమె పంపించిందా నిన్ను? మీ అమ్మ పేరేమి?"

షాపులో ఇంకో ఇద్దరు ఉన్నారు. నేను సర్టిఫికెట్ పేరు చెప్పాను. చక్కగా, బడిలో హాజరు పలికినట్టు. భాయ్ కౌంటరు కింద సొరుగు లాగి లోపలికి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాదు. ఈమె వేరే."

భాయ్ పద్ధతి ఊరంతా తెలిసిందే. ఎవరైనా ఏదైనా క్యాసెట్ కావాలని చెప్పి పెడితే, చీటీ మీద పేరు రాసి, క్యాసెట్‌కు రబ్బరు బ్యాండుతో కట్టి ఆ సొరుగులో పడేస్తాడు. ఇక ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా అది బయటికి రాదు. మామూలుగా రెండు రోజులు చూసి తీసేస్తాడు. దీన్ని మాత్రం తీయడంలేదు.

ఇంటికి పోయి అమ్మకు చెబితే ఆమె నొచ్చుకోలేదు. "పాపం, ఆయమ్మకు గూడ చూడాలని ఉంటాది గదా. చూసినాక మనం తెచ్చుకుందాంలే" అంది.

ఆయమ్మ చూస్తే కదా. మళ్ళీ వారం పోయాను, సొరుగులోనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఊళ్ళో ఆ పాత సినిమా ఇంకెవరికి కావాలి? ఎవరికీ గుర్తులేని సినిమాకు మా అమ్మకు పోటీగా ఒకామె ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? భాయ్‌కి కూడా నవ్వొచ్చింది. "ఇన్నేండ్లలో ఎవరూ అడగలే. ఇప్పుడు ఇద్దరు అడగబడితిరి" అన్నాడు. ఒక్క మధ్యాహ్నానికి ఇవ్వు భాయ్, సాయంత్రానికల్లా తెచ్చి పెడతానని బతిమాలాను. ఆయన టేపు సాపు చేయడం ఆపి నా వైపు చూశాడు.

"జబాన్ ఇచ్చినా పాపా. వొచ్చేదాకా పెడతానని చెప్పినా. ఆమె వొచ్చి లేదంటే నా మాటేం కావాల?"

మా అమ్మకు బాగాలేదని అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే జాలిపడతారని నాకు రోషం. ఆ వయసులో రోషాలకేం తక్కువ.

ఆ సాయంత్రం ఇంట్లో నాయన మంచం పక్కన కూర్చుని అమ్మకు మాత్రలు విప్పి ఇస్తున్నాడు. నేను సంచి విసిరేసి భాయ్‌ని తిట్టడం మొదలుపెట్టాను. "ఇయ్యడంటమ్మా. సొరుగులో పెట్టుకొని మీ అమ్మ పేరేమి అని అడుగుతాడు, చెప్తే కాదంటాడు!"

అమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"పేరడిగినాడా? నువ్వేం చెప్పినావు?"

సర్టిఫికెట్ పేరు చెప్పాను.

అమ్మ నా మొహం చూసింది. తర్వాత నాయన వైపు చూసింది. నాయన మాత్రల అట్ట వైపే చూస్తున్నాడు, ఆయనకు ఈ సినిమా గోలేం పట్టలేదు. అమ్మ కళ్ళు మూసుకుంది. నొప్పి వచ్చిందేమో అనుకున్నాను.

"సరిగ్గానే చెప్పినావు పాపా. ఎవరడిగినా అదే చెప్పు."

కాసేపటికి మళ్ళీ తనే అంది. "ఈసారి ఆసుపత్రికి పోతాం గదా. అప్పుడు నేనే పోయి అడుగుతాలే."

ఆ మెప్పుకు నేను మురిసిపోయాను. అది కూడా దాచకుండా చెబుతున్నాను.

ఈసారి ఆసుపత్రికి పోయేటప్పుడు అమ్మ బస్టాండు దాకా నడవలేదు. ఇంటి ముందు నుంచే జీపులో పడుకోబెట్టి తీసుకుపోయారు. జీపు వీడియో షాపు ముందు నుంచే పోయింది. ఆగలేదు. ఆగమని ఎవరు చెప్పాలి, అమ్మకు అప్పటికే తెలివి సరిగా లేదు. పన్నెండో రోజు అదే జీపులో తీసుకొచ్చారు.

చర్చి వెనక పూడ్చారు. నాయన ఒక నల్ల కడప బండ తెప్పించి పాతించాడు. దాని మీద ఏ పేరు రాయించాలి? సమాధుల తోటలో సర్టిఫికెట్ పేరు పెడితే మా వాళ్ళే నవ్వుతారు. చర్చి పేరు రాతి మీద చెక్కిస్తే ఎవరి కంట పడుతుందో అని భయం. "తర్వాత చెక్కిద్దాంలే" అన్నాడు నాయన. ఆ తర్వాత అనేది ఆయన రిటైరయ్యేదాకా రాలేదు, ఆయన పోయేదాకా రాలేదు. ఇప్పుడు నేను కడపలో ఉద్యోగం చేస్తున్నాను, అదే సర్టిఫికెట్ మీద. ఆఫీసుకు ఆటోలో పోతుంటే దారిలో బండల మీద పేర్లు చెక్కే షాపు వస్తుంది. ఉలి శబ్దం వినపడుతుంది. నేను ఫోను చూసుకుంటూ ఉంటాను. ఆ ఫోనులో ఆ సినిమా కూడా ఉంది, మొదటి నుంచి చివరిదాకా, గీతలు లేకుండా. ఇంతవరకు నేను చూడలేదు. అమ్మకు దొరకనిది నాకెందుకు?

అమ్మ పోయిన రెండు నెలలకు, బడి నుంచి వస్తుంటే భాయ్ కౌంటరు లోంచి పిలిచాడు.

"ఏం పాపా, ఆ సినిమా అడిగేది మానేసినావే? మీ అమ్మకు ఇంక వొద్దంటనా?"

"అమ్మ చచ్చిపోయింది భాయ్" అన్నాను.

ఆయన చేతిలో టేపు అట్లాగే ఉండిపోయింది. లేచి నిలబడ్డాడు. ఏమైంది, ఎప్పుడైంది అని అడిగాడు. చెప్పాను. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకుని, సొరుగు లాగి ఆ క్యాసెట్ బయటికి తీసి కౌంటరు మీద పెట్టాడు. తను అబద్ధం ఆడలేదని నాకు చూపించాలనుకున్నాడేమో.

"చూడు పాపా, ఇదో, ఈమె కోసమే పెట్టినా. ఈమె యాడికి పోయిందో, తిరిగి రానే లేదు. మీ అమ్మకు ఒక్క దినం ఇచ్చినా పోయేది. శానా తప్పు చేసినా. పోయే మనిషి అడిగింది లేదంటి గదా, అయ్యో."

రబ్బరు బ్యాండు కింద చీటీ మీద మా అమ్మ చర్చి పేరు ఉంది.

పేరు పక్కనే కర్నూలు ఆసుపత్రి అని కూడా రాసుకున్నాడు, గుర్తు కోసం. కింద ఇంకో చిన్న ముక్క రాశాడు: చివర ఉంది, చూసినా.

"ఆసుపత్రి బస్సు దిగి, ఎండకు తాళలేక ఈ మెట్టు మీద కూసునింది" అని భాయ్ చెప్పుకుపోతున్నాడు. "ఇంటాయన మందులకు పోయినాడంట. ఈ సినిమా కావాలప్పా, చివర ఉండాల, చివర లేకుంటే నాకొద్దు అని ఒకటే మాట. దానికే నేను కూసోని ఆఖరుదాకా చూసి రాసినా. పేరు చెప్పమ్మా అంటే ఇట్లా అట్లా చూసి మెల్లగ చెప్పింది. సరిగ్గా రాసినానా లేదా అని వొంగి చదువుకునింది గూడ."

అమ్మకు చదువు వచ్చింది చర్చిలోనే. ఆమెకు బాగా వచ్చిన అక్షరాలు ఆ పేరులోవే. నాయన పక్కన లేని ఆ కాసేపట్లో, బజారులో, పరాయి మనిషి ముందు తన పేరు తనే చెప్పుకుంది. ఎందుకు చెప్పిందో నాకు తెలీదు. ఇంకెన్నో రోజులు ఉండనని తెలిసి చెప్పిందేమో. ఒక్కసారి చెప్పుకోవాలనిపించిందేమో. మాత్రలు మింగుతూ "నువ్వేం చెప్పినావు" అని అడిగిన సాయంత్రం, సినిమాకు అడ్డం పడిన ఆ ఒకామె తనేనని అమ్మకు అర్థమైంది. అయినా నాయన ముందు నా తప్పు దిద్దలేదు. నాకు భయం నేర్పిన పేరే నా నోట నిలవనిచ్చింది. ఆమెకు తన సినిమా కంటే నా కూడు ముఖ్యమైంది. పుట్టేటప్పుడు సగం సినిమా లాక్కున్నాను, మిగతా సగం ఇప్పుడు లాక్కున్నాను.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే నా పక్కన అట్టపెట్టెలు తిరగేస్తున్న మనిషి ఇటు తిరిగాడు. నాయన ఆఫీసులో గుమాస్తా. ఆ ఆకాశరామన్న ఉత్తరం రాసింది ఆయనేనని మా వాడలో అందరి అనుమానం. చీటీ వైపు చూశాడో లేదో కూడా నాకు తెలీదు.

భాయ్ చీటీ నా ముందుకు జరిపాడు. "మీ వాడ పక్క మనిషేమో పాపా. ఈమెను నువ్వు ఎరుగుదువా?"

ఒక్క మాట చెబితే చాలు. భాయ్ ఒకామెకు ఇచ్చిన మాట కోసం ఇంకొకామె ఉసురు పోసుకున్నానని కుమిలిపోతున్నాడు. ఆమె, ఈమె ఒక్కరే భాయ్, నువ్వు తప్పేం చేయలేదు అంటే ఆయనకు అంత బరువు దిగేది. మా అమ్మ పేరు మా అమ్మకు దక్కేది.

"తెలీదు భాయ్" అన్నాను.

ఆయన నమ్మాడు. నా మాటను ఎవరైనా నమ్ముతారు, నేను నోరు జారని పిల్లను. చీటీ మడత పడకుండా సర్ది, రబ్బరు బ్యాండు మళ్ళీ వేసి, క్యాసెట్‌ను సొరుగులో పెట్టాడు.

"జబాన్ ఇచ్చినా గదా, ఉండనీ. యాడన్నా కనపడితే చెప్పు పాపా, సినిమా ఈడే ఉండాదని. చివర గూడ ఉండాదని చెప్పు."

చెప్తాలే భాయ్ అని, సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.